సుల్తాన్ అల్ప్ అర్సలాన్ - గురి తప్పిన ఒకే ఒక్క బాణం

ఈమధ్య మన ఇళ్ళలో తుర్కీ చారిత్రక సీరియళ్ళు ఉర్దూలో చూడటం మామూలయిపోయింది. 2021లో మొదలైన ఒక సీరియల్ పుణ్యమా అని అల్ప్ అర్సలాన్ పేరు చిన్నపిల్లల నోట కూడా వినిపిస్తోంది. కొందరు తమ బిడ్డలకు అర్సలాన్ అని పేరు కూడా పెట్టుకుంటున్నారు. సంతోషమే. కాని సీరియల్ తీసేవాళ్ళకు ప్రతి వారం ఒక కుట్ర, ఒక కత్తియుద్ధం కావాలి. చరిత్రకారులకు ఆ అవసరం లేదు. ఇబ్నుల్ అసీర్ (రహ్మ) వంటివారు ఈ సుల్తాను గురించి రాసిన పుటలు చదివితే, ఏ కథకుడూ కల్పించడానికి సాహసించని విచిత్రాలు అందులో కనిపిస్తాయి. పనికిరాడని తోసివేసిన బానిస ఒక చక్రవర్తిని బందీగా పట్టుకొస్తాడు. శత్రువు క్షమించి పంపినవాణ్ణి సొంతవాళ్ళు కళ్ళు పొడిచేస్తారు. ఇవన్నీ ఒకే సుల్తాను తొమ్మిదేళ్ళ పాలనలో జరిగాయి. తఖ్దీర్ (విధివ్రాత) మీద విశ్వాసం మన ఈమాన్‌లో భాగం. ఒక మహారాజు జీవితంలో అది ఎలా నడిచిందో పాఠకుల ముందుంచాలని మేము ఈ నెల ఈ చరిత్రను ఎంచుకున్నాము.

ఆయన అసలు పేరు ముహమ్మద్. తండ్రి చగ్రీ బేగ్ దావూద్, తాత మీకాయీల్, ముత్తాత సల్జూఖ్. ఆ ముత్తాత పేరు మీదుగానే ఈ వంశీయులను సల్జూఖీలు అంటారు. తుర్కీ భాషలో అల్ప్ అంటే శూరుడు, అర్సలాన్ అంటే సింహం. సల్జూఖీలు గుజ్ తెగకు చెందిన తుర్కులు. మధ్య ఆసియా మైదానాల్లో గొర్రెల మందలు తోలుకుంటూ, గుడారాల్లో బతికిన సంచారులు. వారు ఇస్లాం స్వీకరించి అప్పటికి రెండు మూడు తరాలే అయింది. పచ్చిక బయళ్ళు వెతుక్కుంటూ ఖురాసాన్‌లోకి దిగినప్పుడు అక్కడి పాలకుడు సుల్తాన్ మస్ఊద్ వారిని లెక్కలోకి తీసుకోలేదు. ఈ మస్ఊద్ ఎవరో కాదు, మన దేశ చరిత్ర పుస్తకాల్లో అందరూ చదువుకున్న మహమూద్ గజ్నవీ కుమారుడు. 1040లో (హి.శ. 431) మర్వ్ నగర సమీపాన దందానఖాన్ దగ్గర, ఏనుగులతో, అపారమైన సామగ్రితో వచ్చిన గజ్నవీ సైన్యం నీళ్ళు దొరకక అల్లాడిపోయింది. ఆ స్థితిలో ఈ గొర్రెల కాపరులు దాన్ని చిత్తుగా ఓడించారు. చగ్రీ బేగ్ ఖురాసాన్‌ను ఏలుకున్నాడు. ఆయన సోదరుడు తుగ్రిల్ బేగ్ పడమరకు సాగి 1055లో బగ్దాద్‌లో ప్రవేశించి, బువైహీ అమీర్ల గుప్పిట్లో ఉన్న అబ్బాసీ ఖలీఫాను విడిపించాడు.

అల్ప్ అర్సలాన్ తండ్రి దగ్గర ఖురాసాన్‌లోనే పెరిగాడు. గుర్రం మీద కూర్చునే వయసు రాగానే యుద్ధాల్లో దిగాడు. మనిషి పొడగరి. గడ్డం ఎంత పొడవంటే, బాణం వేసేటప్పుడు అడ్డు రాకుండా ముడి వేసుకునేవాడట. ఆయన వదిలిన బాణం గురి తప్పదని అందరూ చెప్పుకునేవారు. ఈ మాటను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

తుగ్రిల్ బేగ్‌కు సంతానం కలగలేదు. ఆయన 1063లో, రమజాన్ నెలలో, నేటి తెహ్రాన్ పక్కనే ఉన్న రయ్ నగరంలో కన్నుమూశాడు. తన తర్వాత సింహాసనం అల్ప్ అర్సలాన్‌కు దక్కాలని ఆయన కోరుకోలేదు. సోదరుని మరో కుమారుడు సులైమాన్ పేరు చెప్పి పోయాడు. మంత్రి అమీదుల్ ముల్క్ కుందురీ కూడా ఆ సులైమాన్ పేరిటే ఖుత్బా చదివించాడు. కాని అమీర్లు ఒప్పుకోలేదు. గాలి ఎటు వీస్తోందో గమనించిన కుందురీ వెంటనే అల్ప్ అర్సలాన్ పేరు ముందుకు తెచ్చి, సులైమాన్ పేరు వెనక్కు నెట్టాడు. ఇంతలో పినతండ్రి వరుసయ్యే ఖుతల్‌మిష్ అనే సర్దారు రాజ్యం తనదేనంటూ సైన్యంతో రయ్ మీదికి వచ్చాడు. యుద్ధంలో ఓడిపోయి, పారిపోతూ చనిపోయాడు. శత్రువు శవాన్ని చూసి అల్ప్ అర్సలాన్ ఏడ్చాడనీ, బంధువు మరణానికి కూర్చున్నట్టే కూర్చుని సంతాపం పాటించాడనీ చరిత్రకారులు రాశారు. ఖుతల్‌మిష్ కొడుకులు బతికి బయటపడ్డారు. వారి ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

ఇక కుందురీ సంగతి. అతను గొప్ప మేధావి. కాని తన కాలంలో అష్అరీ విద్వాంసుల మీద కక్షగట్టి, మింబర్ల మీద వారిని శపించే ఆచారం పెట్టించాడు. ఆ బాధ పడలేకనే ఇమామ్ జువైనీ (రహ్మ) నీషాపూర్ వదిలి మక్కా, మదీనాల్లో గడిపారు. ఇమాముల్ హరమైన్ అన్న బిరుదు ఆయనకు అలా వచ్చింది. తరిమివేయడం వల్ల దక్కిన గౌరవమది! అల్ప్ అర్సలాన్ రాజయ్యాక తన పాత మంత్రి నిజాముల్ ముల్క్ తూసీని ప్రధాన మంత్రిగా చేసుకుని కుందురీని ఖైదులో పెట్టించాడు. ఏడాది తర్వాత 1064లో అతన్ని చంపించారు. చనిపోయే ముందు కుందురీ కొత్త మంత్రికి ఒక సందేశం పంపాడట. మంత్రులను చంపే చెడ్డ అలవాటును తుర్కులకు నేర్పావు, ఎవరు తవ్విన గోతిలో వారే పడతారని దాని సారాంశం. నిజాముల్ ముల్క్ ఆ సందేశాన్ని ఎలా తీసుకున్నాడో ఎవరూ రాయలేదు. ఆ తర్వాత దాదాపు 28 ఏళ్ళు ఆయన మంత్రిగానే ఉన్నాడు.

ఈ హత్య సుల్తాను పాలన మీద మొదట్లోనే పడిన మచ్చ అని మా అభిప్రాయం. ఆయన్ను ప్రేమించే రచయితలు దీన్ని దాటవేస్తారు. దాటవేయనవసరం లేదు. మనిషి మంచీ చెడూ కలగలిసినవాడు.

మంచి విషయానికొస్తే, అది చాలానే ఉంది. అల్ప్ అర్సలాన్ మనసు మెత్తనిది. రమజాన్‌లో 15,000 దీనార్లు దానం చేసేవాడు. పేదల పేర్లు రాసిన జాబితాలు ఆయన కార్యాలయంలో ఉండేవి. రైతుల దగ్గర శిస్తు ఏడాదికి రెండు వాయిదాల్లో తప్ప అదనంగా వసూలు చేయనిచ్చేవాడు కాదు. గూఢచారుల వ్యవస్థను ఆయన పెట్టుకోలేదు. వేగులను నియమిస్తే, మిత్రుడు తన విధేయత మీద ధీమాతో వాళ్ళను పట్టించుకోడు, శత్రువు మాత్రం వాళ్ళకు డబ్బిచ్చి మచ్చిక చేసుకుంటాడు, దాంతో నాకు మిత్రుని గురించి చెడ్డమాటలు, శత్రువు గురించి మంచిమాటలు అందుతాయి అన్నది ఆయన వాదన. ఒకసారి ఎవరో నిజాముల్ ముల్క్ అవినీతి గురించి ఒక ఆకాశరామన్న ఉత్తరం రాసి సుల్తాను నమాజు చేసే చోట పడేశారు. ఆయన దాన్ని చదివి, విచారణ అనీ కమిటీ అనీ ఆర్భాటం చేయకుండా, తీసుకెళ్ళి నేరుగా మంత్రి చేతికే ఇచ్చాడు. ఇది నిజమైతే నీ నడవడి దిద్దుకో, అబద్ధమైతే వాళ్ళను మన్నించి ఏదైనా పని అప్పగించు, చేతినిండా పనుంటే చాడీలు చెప్పే తీరిక ఉండదు అన్నది ఆయన తీర్పు. మన జమాఅతులు, మస్జిద్ కమిటీలు ఈ తీర్పును గోడకు రాసిపెట్టుకోవచ్చు.

ఆ మంత్రి పేరనే బగ్దాద్‌లో నిజామియా మదర్సా వెలిసింది. 1065లో పని మొదలై, 1067లో ప్రారంభమైంది. ఇక్కడ చిన్న వివరణ. మన మదర్సాల్లో బోధించే దర్సె నిజామీకి ఈ నిజాముల్ ముల్క్‌తో సంబంధం ఉందని చాలామంది అనుకుంటారు. సంబంధం లేదు. అది లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ (రహ్మ) రూపొందించిన పాఠ్యక్రమం. ఆయన ఏడు వందల సంవత్సరాల తర్వాతివారు.

నిజామియా ప్రారంభోత్సవం నాడు ఒక వింత జరిగింది. ఆ మహా విద్యాలయానికి ప్రధాన బోధకునిగా షేఖ్ అబూ ఇస్హాఖ్ షీరాజీ (రహ్మ)ని ఎంపిక చేశారు. జనం కిక్కిరిసి కూర్చున్నారు. షేఖ్ రాలేదు. దారిలో ఎవరో ఒక కుర్రవాడు ఆయన్ను ఆపి, ఇతరుల నుండి లాక్కున్న స్థలంలో మీరెలా పాఠం చెబుతారని అడిగాడట. ఆ ఒక్క మాటకు ఆయన వెనుదిరిగి వెళ్ళి దాక్కున్నారు. ఆనాటి అత్యంత శక్తివంతుడైన మంత్రి కట్టించిన భవనం ఒక పిల్లవాని ప్రశ్న ముందు ఖాళీగా నిలబడింది. చివరకు మరో విద్వాంసుణ్ణి కూర్చోబెట్టి ఇరవై రోజులు నడిపారు. తర్వాత షేఖ్‌ను బతిమాలి ఒప్పించారు. అయినా ఆయన నమాజు వేళకు బయటికొచ్చి వేరే మస్జిదులో చేసుకునేవారని చెబుతారు. ఇమామ్ గజాలీ (రహ్మ) ఆ పీఠం మీద కూర్చున్నది ఇంకా చాలా ఏళ్ళ తర్వాత, 1091లో.

కోరుకోని యుద్ధం

అల్ప్ అర్సలాన్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది మలాజ్‌కుర్ద్ యుద్ధం. కాని సుల్తాను ఆ యుద్ధం కోరుకోలేదన్నది చాలామందికి తెలియదు. ఆయన చూపు మిస్రు (ఈజిప్టు) మీద ఉండేది. అక్కడ ఫాతిమీలు ఏలుతున్నారు. హరమైన్‌లో వారి పేరిట జరిగే ఖుత్బాను మక్కా షరీఫు ఆపివేసి, అబ్బాసీ ఖలీఫా పేరిట, సుల్తాను పేరిట చదివించినప్పుడు ఆయన సంతోషంతో 30,000 దీనార్లు పంపాడు. ఇక మిగిలింది మిస్రే. 1071 తొలి నెలల్లో ఆయన రుహా (నేటి తుర్కీలోని ఉర్ఫా) కోటను ముట్టడించి, అది లొంగకపోవడంతో వదిలేసి, హలబ్ (అలెప్పో) చేరాడు. హలబ్ అమీరు మహమూద్ బయటికి రానని మొండికేశాడు. చివరకు ఒక రాత్రి తల్లిని వెంటబెట్టుకుని సుల్తాను గుడారానికి వచ్చి క్షమాపణ కోరాడు. సుల్తాను క్షమించడమే కాక పదవి కూడా తిరిగి ఇచ్చేశాడు. మిస్రుకు దారి తెరుచుకుంది. సరిగ్గా అప్పుడు ఖైసర్ (రోము చక్రవర్తి) మహా సైన్యంతో తూర్పుకు కదిలాడన్న వార్త అందింది.

ఈ చక్రవర్తి పేరు రొమానుస్. మన అరబీ గ్రంథాల్లో అర్మానూస్ అని ఉంటుంది. ఇతని కథ కూడా విచిత్రమే. సింహాసనం మీద కుట్ర పన్నాడన్న నేరానికి అతన్ని బంధించి రాణి ముందు నిలబెట్టారు. రాణి యుదోకియా అప్పటికే విధవ. మళ్ళీ పెళ్ళాడనని చనిపోతున్న భర్తకు ప్రమాణం చేసిన మనిషి. ఆమె ఆ నేరస్థుణ్ణి క్షమించి, 1068 జనవరి 1న అతన్నే పెళ్ళాడింది. ఉరికంబం ఎక్కవలసినవాడు సింహాసనం ఎక్కాడు! పాత చక్రవర్తి వంశీయులైన దూకాస్ కుటుంబం దీన్ని సహించలేకపోయింది. ఏదో ఒక గొప్ప విజయం సాధిస్తే తప్ప తన గద్దె నిలవదని రొమానుస్‌కు తెలుసు. అందుకే రోమన్లు, రూసులు, ఫ్రాంకులు, అర్మీనియన్లు, ఆఖరికి కూలికి వచ్చిన తుర్కు తెగలతో సహా అందరినీ కూడగట్టాడు. ఇబ్నుల్ అసీర్ (రహ్మ) ఆ సైన్యాన్ని రెండు లక్షలన్నారు. నేటి చరిత్రకారులు 40,000 ప్రాంతమని అంచనా వేస్తున్నారు. ఎలా చూసినా సుల్తాను దగ్గరున్న 15,000 మంది కన్నా అది చాలా ఎక్కువే.

సుల్తాను హలబ్ నుండి ఎంత వేగంగా వెనుదిరిగాడంటే, ఫురాత్ నది దాటేటప్పుడు ఎన్నో గుర్రాలు, ఒంటెలు కొట్టుకుపోయాయి. భార్యాబిడ్డలను, సామాను బళ్ళను నిజాముల్ ముల్క్ వెంట సురక్షిత ప్రాంతానికి పంపేశాడు. వాన్ సరస్సుకు ఉత్తరాన మలాజ్‌కుర్ద్ మైదానంలో రెండు సైన్యాలు ఎదురుపడ్డాయి. ముందుగా సుల్తానే సంధి కోసం రాయబారులను పంపాడు. సంధి మాటలు రయ్ నగరంలో, అంటే మీ రాజధానిలో మాట్లాడుకుందామని ఖైసర్ ఎగతాళి చేసి పంపాడు.

సుల్తాను దిగులుపడ్డాడు. ఆయన వెంట ఉన్న హనఫీ ఫఖీహ్ అబూ నస్ర్ ముహమ్మద్ బుఖారీ (రహ్మ) ధైర్యం చెప్పారు. శుక్రవారం మధ్యాహ్నం, ఖతీబులు మింబర్ల మీద నిలబడి ముజాహిదుల కోసం దుఆ చేసే వేళ యుద్ధం మొదలుపెట్టమని సలహా ఇచ్చారు. ఇది 1071 ఆగస్టు 26, హిజ్రీ 463 జీఖాదా మాసం. సుల్తాను జుమా నమాజు చేయించి ఏడ్చాడు. ఆయన ఏడ్పు చూసి సైన్యమూ ఏడ్చింది. తర్వాత విల్లంబులు పక్కన పడేసి కత్తి, గద తీసుకున్నాడు. తన గుర్రం తోకను తన చేత్తోనే ముడివేశాడు. తెల్లని బట్టలు తొడుక్కుని, శవానికి పూసే సుగంధం పూసుకున్నాడు. నేను చనిపోతే ఇదే నా కఫన్ అన్నాడు. వెళ్ళిపోదలచినవారు వెళ్ళిపోవచ్చు, ఈ రోజు ఇక్కడ ఆజ్ఞాపించే సుల్తాను ఎవరూ లేడు, నేనూ మీలో ఒకణ్ణే అని చాటించాడు. ఆయన జీవితంలో ఇంతకంటే ఎత్తయిన ఘడియ మరొకటి లేదని మేము భావిస్తున్నాము.

తుర్కు రౌతులు నెలవంక ఆకారంలో విచ్చుకుంటూ వెనక్కు తగ్గారు. రోమన్లు వెంటబడుతూ తమ శిబిరానికి దూరమైపోయారు. పొద్దు వాలుతుండగా ఖైసర్ తన జెండాలు వెనక్కు తిప్పించాడు. వెనుక దళానికి నాయకుడు దూకాస్ కుటుంబానికి చెందిన అంద్రోనికోస్. అతను చక్రవర్తిని ఆదుకోకుండా, చక్రవర్తి పడిపోయాడన్న పుకారు లేపి తన దళంతో వెళ్ళిపోయాడు. అదే అదనుగా తుర్కులు నాలుగు వైపులా చుట్టుముట్టారు. చీకటి పడేసరికి అంతా ముగిసింది.

ఇక ఖైసర్ ఎలా పట్టుబడ్డాడో చూడండి. గౌహర్ ఆయీన్ అనే సర్దారు అంతకు ముందు ఒకసారి ఒక బానిసను నిజాముల్ ముల్క్‌కు కానుకగా ఇచ్చాడు. ఆ బానిస రూపం చూసి మంత్రి వద్దని తిప్పి పంపాడు. గౌహర్ ఆయీన్ అతన్ని తెగ పొగడబోతే, ఇతనే రోము చక్రవర్తిని బందీగా పట్టుకొస్తాడేమో అని మంత్రి వేళాకోళం చేశాడు. మలాజ్‌కుర్ద్ మైదానంలో గాయపడి ఉన్న రొమానుస్‌ను పట్టుకున్నది ఆ బానిసే! ఎవరో తెలియక చంపబోయాడు కూడా. పక్కనున్న సేవకుడు ఇతను చక్రవర్తి అని అరవడంతో ఆగాడు. మంత్రి వెటకారంగా అన్న మాటను అల్లాహ్ అక్షరాలా నిజం చేశాడు. ఆ సమయానికి మంత్రి మాత్రం యుద్ధభూమికి ఎంతో దూరాన సామాను బళ్ళ దగ్గర ఉన్నాడు.

సుల్తాను మొదట నమ్మలేదు. రాయబారులుగా వెళ్ళి ఖైసర్‌ను చూసివచ్చినవారు గుర్తుపట్టాక నమ్మాడు. బందీని ముందు నిలబెట్టి చేత్తో మూడు దెబ్బలు కొట్టి, సంధికి పిలిస్తే ఎందుకు రాలేదని నిలదీశాడు. ఆపైన, నేనే నీకు చిక్కి ఉంటే ఏం చేసేవాడివని అడిగాడు. రొమానుస్ దాచలేదు, కీడే చేసేవాణ్ణని ఒప్పుకున్నాడు. మరి నేను నిన్నేం చేస్తానని అనుకుంటున్నావని అడిగితే, చంపుతావు, లేదా నీ నగరాల్లో ఊరేగిస్తావు, మూడోది మాత్రం దూరపు మాట, అంటే సొమ్ము తీసుకుని క్షమించి నీ తరఫున పాలించమనడం అన్నాడు. తన నిర్ణయం ఆ మూడోదే అన్నాడు సుల్తాను. 15 లక్షల దీనార్ల పరిహారం, ముస్లిం ఖైదీలందరి విడుదల, 50 ఏళ్ళ సంధి కుదిరాయి. గుడారం, దుస్తులు, దారి ఖర్చులకు 10,000 దీనార్లు, రక్షణగా సైనికులు ఇచ్చి, సుల్తాను స్వయంగా ఒక ఫర్‌సఖ్ దూరం సాగనంపాడు.

శత్రువు ఇలా సాగనంపిన మనిషికి ఇంట్లో ఎదురైనదేమిటి? రాజధాని కుస్తున్‌తునియాలో దూకాస్‌లు అప్పటికే అతన్ని తొలగించి, రాణి కొడుకు మీఖాయీల్‌ను గద్దెనెక్కించి, రాణిని సన్యాసినుల మఠానికి పంపేశారు. రొమానుస్ పోరాడి ఓడాడు. రణరంగంలో వదిలిపోయిన ఆ అంద్రోనికోసే అతన్ని ముట్టడించాడు. ప్రాణానికి హాని చేయమని మతాచార్యులు హామీ ఇచ్చాక సన్యాసి దుస్తులు తొడుక్కుని లొంగిపోయాడు. 1072 జూన్ 29న అతని కళ్ళు పొడిచేశారు. గాయాలకు చీము పట్టింది. తాను కట్టించిన మఠం ఉన్న ప్రోటీ అనే చిన్న దీవిలో కొద్ది వారాలకే చనిపోయాడు. ఇంతటి దుస్థితిలోనూ, పదవి పోయిందని తెలిసిన తర్వాత, తన దగ్గర మిగిలిన సొమ్మంతా పోగుచేసి సుల్తానుకు పంపాడని, ఇంతకు మించి తన వల్ల కాదని ప్రమాణం చేశాడని ఇబ్నుల్ అసీర్ (రహ్మ) రాశారు. మాట నిలబెట్టుకోవాలనుకున్న ఆ గుణం గుర్తించదగినది.

జైహూన్ ఒడ్డున

ఇప్పుడు మలాజ్‌కుర్ద్ తర్వాత పదిహేను నెలలు గడిచిన తర్వాతి మాట. 1072 చివర్లో సుల్తాను తూర్పున ఉన్న తుర్కిస్తాన్ మీదికి బయలుదేరాడు. సమర్ఖంద్, బుఖారాలను ఏలే ఖాన్‌తో తగాదా వచ్చింది. ఈసారి ఆయన వెంట ఉన్నది 15,000 మంది కాదు. రెండు లక్షల రౌతులని గ్రంథాలు చెబుతున్నాయి. జైహూన్ నది (అమూ దర్యా) మీద వంతెన కట్టించాడు. దాని మీదుగా సైన్యం దాటడానికే ఇరవై రోజులకు పైగా పట్టింది.

ఆ రోజుల్లో ఆయన ఒక గుట్ట ఎక్కి తన సైన్యాన్ని చూసుకున్నాడు. కింద నేల అదురుతోంది. భూమ్మీద ఇక నన్నెవరు ఏం చేయగలరు అన్న తలపు మనసులో కదిలింది. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ వినలేదు.

మరునాడు, హి.శ. 465 రబీఉల్ అవ్వల్ 6న (నవంబరు 20), ఆ ఒడ్డున ఉన్న ఒక చిన్న కోట అధికారిని ఇద్దరు భటులు పట్టుకొచ్చారు. అతని పేరు యూసుఫ్ ఖ్వారజ్మీ. సుల్తానును ఎదిరించి కోట అప్పగించనన్నందుకు అతనికి శిక్ష పడింది. నాలుగు మేకులు పాతి, కాళ్ళూ చేతులూ వాటికి కట్టేయమని సుల్తాను ఆజ్ఞాపించాడు. నాలాంటివాణ్ణి ఇలాగా చంపేది అని యూసుఫ్ తిట్టిపోశాడు. సుల్తానుకు కోపం ముంచుకొచ్చింది. విల్లు అందుకున్నాడు. అతన్ని వదిలేయండని పక్కనున్న భటులకు సైగ చేశాడు. ఎందుకంటే ఆయన బాణానికి ఇంకెవరి సహాయమూ అవసరం లేదు. బాణం వదిలాడు. అది తప్పిపోయింది.

యూసుఫ్ ముందుకు దూకాడు. సుల్తాను గద్దె మీంచి లేచి దిగబోతూ కాలు తట్టుకుని బోర్లా పడ్డాడు. యూసుఫ్ మీదపడి, దాచుకున్న కత్తితో ఆయన నడుములో పొడిచాడు. అడ్డం వచ్చిన సర్దారును కూడా కత్తితో గాయపరిచాడు. ఆ సర్దారు గౌహర్ ఆయీన్. రోము చక్రవర్తిని పట్టిన బానిస యజమాని. ఆయన బతికాడు. చుట్టూ ఉన్న వందలమంది అంగరక్షకులు చేయలేని పని గుడారంలో తివాచీలు పరిచే ఒక అర్మీనియన్ ఫర్రాషు చేశాడు. గదతో యూసుఫ్ తల పగలగొట్టాడు. రెండు లక్షల రౌతులు నది ఒడ్డున అలాగే ఉన్నారు.

ఇక్కడ మేము ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. ప్రాణమున్న దేన్నయినా కట్టేసి గురిపెట్టే వస్తువుగా చేయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారని హదీసు గ్రంథాల్లో ఉంది. పక్షి విషయంలోనే అలా అన్నప్పుడు మనిషి సంగతి వేరే చెప్పాలా? వేలాది మందిని చంపడానికి వచ్చిన ఖైసర్‌ను క్షమించి సాగనంపిన చేతులు, ఒక మారుమూల కోట కాపలాదారుకు మేకులు పాతమన్నాయి. పెద్దవాణ్ణి క్షమిస్తే లోకం కీర్తిస్తుంది, చిన్నవాణ్ణి క్షమిస్తే ఎవరికీ తెలియదు. మలాజ్‌కుర్ద్ నాడు కఫన్ తొడుక్కుని నేనూ మీలో ఒకణ్ణే అన్న మనిషికీ, గుట్ట మీద నిలబడిన మనిషికీ మధ్య గడిచినది పదిహేను నెలలే. హునైన్ నాడు తమ సంఖ్య చూసి మురిసిపోయినవారికి ఆ సంఖ్య అక్కరకు రాలేదన్న సంగతి తౌబా సూరాలో మనమంతా చదువుకుంటాము. అక్కడ ఉన్నది సహాబాలు (రజి). వారికే ఆ హెచ్చరిక తప్పలేదు.

ఇదంతా ముందే రాసిపెట్టి ఉంటే ఆయన తప్పేముందని ఎవరైనా అడగవచ్చు. మదర్సాలో చదువుకునే రోజుల్లో మేమూ ఈ ప్రశ్న ఉస్తాదుల ముందు పెట్టినవాళ్ళమే. విచిత్రమేమిటంటే ఆ ప్రశ్న చనిపోతున్న సుల్తాను అడగలేదు. గాయంతో ఆయన నాలుగు రోజులు బతికాడు. ఆ నాలుగు రోజుల్లో విధిని నిందించలేదు, భటులను నిందించలేదు. ఏ శత్రువు మీదికి వెళ్ళినా ముందు అల్లాహ్ సహాయం కోరేవాణ్ణి, నిన్న మాత్రం గుట్ట ఎక్కి సైన్యాన్ని చూసి, ఈ లోకానికి నేనే రాజును, నన్నెవరూ ఏమీ చేయలేరనుకున్నాను, అల్లాహ్ తన సృష్టిలో బలహీనుడైన ఒకడి చేత నన్ను పడగొట్టాడు, ఆ తలపుకు క్షమాపణ వేడుకుంటున్నాను అని చెప్పాడు. ఆ గుట్ట మీది మాట మనకు తెలిసింది ఆయన నోటి వల్లే. చెప్పకపోయి ఉంటే చరిత్రలో ఒక హత్య మాత్రమే మిగిలేది.

రబీఉల్ అవ్వల్ 10న ఆయన మరణించాడు. వయసు నలభై దాటి ఉంటుంది. కుమారుడు మలిక్ షాహ్‌కు అప్పుడు పదిహేడు పద్దెనిమిదేళ్ళు. అమీర్లందరి చేత అతనికి విధేయత ప్రమాణం చేయించి, నిజాముల్ ముల్క్‌కు అప్పగించాడు. శవాన్ని మర్వ్‌కు తీసుకెళ్ళి తండ్రి చగ్రీ బేగ్ పక్కన పూడ్చారు.

తర్వాతి సంగతులు క్లుప్తంగా. నిజాముల్ ముల్క్ ఇంకో ఇరవై ఏళ్ళు రాజ్యాన్ని నడిపాడు. 1092 రమజాన్ 10న నహావంద్ దగ్గర ఇఫ్తారు తర్వాత, అర్జీ ఇచ్చే సూఫీ వేషంలో వచ్చిన ఒక బాతినీ యువకుడు ఆయన్ను కత్తితో పొడిచి చంపాడు. ముప్పై ఏళ్ళ క్రితం కుందురీ పంపిన సందేశాన్ని అప్పుడు చాలామంది గుర్తు చేసుకున్నారు.

మలాజ్‌కుర్ద్‌లో తెరుచుకున్న అనాతోలియా (నేటి తుర్కీ) అల్ప్ అర్సలాన్ సంతానానికి దక్కలేదు. రాజ్యం కోసం ఆయనతో పోరాడి చనిపోయిన ఖుతల్‌మిష్ గుర్తున్నాడు కదా, అతని కొడుకు సులైమాన్ అక్కడ రాజ్యం స్థాపించాడు. మలిక్ షాహ్ వంశం అంతర్యుద్ధాల్లో చీలికలై 1194లో పూర్తిగా అంతరించింది. ఓడినవాడి వంశం ఖూనియా (కొన్యా) రాజధానిగా ఆ తర్వాత మరో వందేళ్ళకు పైగా ఏలింది. మౌలానా రూమీ (రహ్మ) స్థిరపడింది ఆ ఖూనియాలోనే.

మర్వ్ నగరాన్ని 1221లో మంగోలులు నేలమట్టం చేశారు. ఇప్పుడది తుర్క్‌మెనిస్తాన్‌లో మారీ పట్టణం పక్కన శిథిలాల దిబ్బ. 1999లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. అక్కడ సుల్తాను మనుమడు సన్జర్ సమాధి గుమ్మటం దూరం నుంచే కనిపిస్తుంది. తాత సమాధి ఆనవాలు మిగల్లేదు. 2002లో ఆ దేశాధ్యక్షుడు నెలల పేర్లన్నీ మార్చేస్తూ, ఆగస్టు నెలకు అల్ప్ అర్సలాన్ పేరు పెట్టాడు. మలాజ్‌కుర్ద్ యుద్ధం జరిగింది ఆగస్టులోనే. అధ్యక్షుడు 2006లో చనిపోయాడు. 2008లో ఆ నెల మళ్ళీ ఆగస్టు అయింది.